షుగర్ నార్మల్, మనిషి సన్నం, ట్రైగ్లిజరైడ్స్ 238. ఫాస్టింగ్ ఇన్సులిన్ చేయించాలా?

సన్నోడు · జనవరి 12, రాత్రి 11:50

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా చదువుతున్నా, రాయడం ఇదే మొదటిసారి.

వయసు 38, ఎత్తు 169 సెంటీమీటర్లు, బరువు 64 కిలోలు. చిన్నప్పటి నుంచి ఇంట్లో నన్ను చీపురుపుల్ల అనే పిలుస్తారు. హైదరాబాద్‌లో ఉద్యోగం. అమెరికా వాళ్ల టైముకి కాల్స్, రాత్రి భోజనం పదిన్నరకి, పడుకునేసరికి రెండు. సిగరెట్ అలవాటు లేదు.

ఆఫీసు వాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో వచ్చినవి ఇవి: పరగడుపు షుగర్ 97, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.6, బీపీ 128/84, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 112, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో కొవ్వు) 238, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34. నడుము 32 (ప్యాంటు సైజు). చూసిన డాక్టరుగారు "షుగర్ లేదు, లావు లేరు, నూనె తగ్గించండి" అన్నారు. రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాను.

నా భయం వేరే. మా నాన్నకి 52 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. ఆయనా నాలాగే సన్నం. షుగర్ ఉందని కూడా ఆస్పత్రిలో చేరిన రోజే తెలిసింది. ఆఫీసులో ఒకతను ఫాస్టింగ్ ఇన్సులిన్ (పరగడుపున రక్తంలో ఇన్సులిన్ ఎంతుందో చూసే టెస్టు) చేయించుకో అంటున్నాడు. చేయించాలా, డబ్బు దండగా?

అనుమానం_అప్పారావు · జనవరి 13, ఉదయం 6:15

దండగే. షుగరు లేదన్నాక ఇంకేం కావాలి బాబూ? మొదట షుగరు అన్నారు. తర్వాత ప్రీడయాబెటిస్ అన్నారు. ఇప్పుడు దానికీ ముందు ఇంకోటి. ఇలా వెనక్కి వెనక్కి పోతే చివరికి పుట్టడమే రోగం అంటారు.

ల్యాబ్‌మామ · జనవరి 13, ఉదయం 7:02

అప్పారావుగారూ, పొద్దున్నే మొదలుపెట్టారా.

సన్నోడు బాబూ, ముప్పై రెండేళ్లు ల్యాబులో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇన్సులిన్ చేయించేముందు ఒక మాట. ముందురోజు రాత్రి పెళ్లి భోజనం చేసి, మందు తాగి పొద్దున్నే రక్తం ఇస్తే ట్రైగ్లిజరైడ్స్ ఎవరికైనా ఎగురుతాయి. మామూలుగా తిని, పది పన్నెండు గంటలు పరగడుపున ఉండి ఇంకోసారి లిపిడ్స్ చేయించు. ఇన్సులిన్ కూడా చేయిస్తే అదే సూదితో ఇచ్చేయ్. ఎర్రకణాలు పగిలిన శాంపిల్‌లో ఇన్సులిన్ తక్కువ చూపిస్తుంది, అందుకని నరం సరిగ్గా పట్టేవాళ్ల దగ్గరికే వెళ్లు. ఇంకోటి, ఒక ల్యాబు అంకెని ఇంకో ల్యాబు అంకెతో పోల్చకు. షుగరుకి ఉన్నట్టు ఇన్సులిన్ కొలతకి అందరూ పాటించే ఒకే ప్రమాణం లేదు.

కొలతబద్ద · జనవరి 13, ఉదయం 10:30

నాకు వైద్యం తెలియదు, దర్జీని. కానీ "నడుము 32 (ప్యాంటు సైజు)" అన్న దగ్గర ఆగిపోయాను.

మగాళ్ల నడుము పెరగదండీ, ప్యాంటు కిందికి దిగుతుంది. పాతికేళ్లప్పుడు బొడ్డు దగ్గర కట్టుకున్న మనిషే నలభై వచ్చేసరికి పొట్ట కింద కట్టుకుంటాడు. సైజు మాత్రం అదే 32. "మాస్టారూ, పెళ్లినాటి కొలతే" అని గర్వంగా చెబుతాడు. పక్కన నిలబడ్డ వాళ్లావిడ నవ్వుతుంది. చొక్కా విప్పి టేపు పెట్టి చూసుకోండి.

సన్నోడు · జనవరి 13, మధ్యాహ్నం 1:20

మాస్టారూ, బాత్రూం తలుపేసుకుని కొలిచాను. 36న్నర అంగుళాలు వచ్చింది. టేపు తప్పేమోనని మళ్లీ కొలిచా. అంతే.

ఓపీ_గది_6 · జనవరి 13, రాత్రి 10:10

ఇక్కడ చదివి ఎవరూ మందులు మొదలుపెట్టకండి. అది ముందే చెప్పేసి విషయంలోకొస్తా.

టేపు పెట్టాల్సింది చివరి పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ సరిగ్గా మధ్యన. ఊపిరి మామూలుగా వదిలాక, పొట్ట లోపలికి పీల్చకుండా. 36న్నర అంటే 93 సెంటీమీటర్లు. మనవాళ్లలో మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువున్నట్టు లెక్క. బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు లెక్క) చూస్తే 22.4, ముచ్చటగా ఉంది. మిమ్మల్ని చూసిన డాక్టరుకి కనిపించింది ఆ 22.4 మాత్రమే.

మీ 97 నార్మలే. ఆ 97ని నిలబెట్టడానికి మీ పాంక్రియాస్ ఎంత ఇన్సులిన్ పోస్తోందో మాత్రం ఆ కాగితంలో లేదు. ఓపీలో నేను చెప్పే పోలిక ఒకటుంది. అమ్మ వంటింట్లోంచి కొడుకుని అన్నానికి పిలుస్తుంది. వాడు ఫోన్‌లో మునిగి పలకడు. ఇంకాస్త గట్టిగా పిలుస్తుంది. చివరికి వీధి దద్దరిల్లేలా అరిస్తే లేచి వస్తాడు. టైముకి వచ్చాడు, తిన్నాడు, చూసేవాళ్లకి ఆ ఇంట్లో ఏ లోటూ లేదు. మీ 97 అలాంటిదే. కానీ ఆ కేక పక్కిళ్లకి కూడా వినిపిస్తుంది. వాళ్లకి చెవుడు లేదు కదా!

అమ్మ పాంక్రియాస్, కేక ఇన్సులిన్, పలకని కొడుకు కండరం. పక్కింట్లో కిడ్నీ ఉంది, కేక విని ఉప్పు పట్టి ఉంచుకుంటుంది, బీపీ మెల్లగా ఎక్కుతుంది. అండాశయం వింటే మగ హార్మోన్లు ఎక్కువ చేస్తుంది. మెడ వెనక చర్మం వింటే నల్లగా, మందంగా అవుతుంది. అందరిలోకీ గడుసుది కాలేయం. చక్కెర తయారీ ఆపమంటే వినిపించనట్టు ఉంటుంది, కొవ్వు తయారుచేయమంటే మాత్రం బాగా వినిపిస్తుంది. మీ 238 అక్కణ్నుంచి వచ్చిందే. రక్తంలో ట్రైగ్లిజరైడ్ కణాలు ఎక్కువైతే అవి హెచ్‌డీఎల్‌తో కొవ్వు మార్పిడి చేసుకుంటాయి. అలా మారిన హెచ్‌డీఎల్ రక్తంలో ఎక్కువకాలం నిలవదు. ఎల్‌డీఎల్ కూడా చిన్న చిన్న కణాలుగా మారుతుంది. అప్పుడు 112 అన్న అంకె చిన్నదిగానే ఉంటుంది, కణాల సంఖ్య మాత్రం ఎక్కువ. అందుకే ఆ కణాల సంఖ్య చెప్పే అపోబీ అనే టెస్టు మీకు ఉపయోగం. నాన్నగారిది 55 లోపు గుండెపోటు కాబట్టి లైపోప్రోటీన్ (ఎ), అంటే వంశపారంపర్యంగా వచ్చే ఒక కొలెస్ట్రాల్ కణం, కూడా జీవితంలో ఒక్కసారి చూసుకోవాలి.

ఇలా ఏళ్ల తరబడి అరిచి అరిచి ఒకరోజు అమ్మ గొంతు పోతుంది. షుగరు రిపోర్టులో కనిపించేది ఆ రోజు. గుండె రక్తనాళాలకి దెబ్బ అప్పటికే చాలా ఏళ్లుగా తగులుతూ ఉంటుంది.

అనుమానం_అప్పారావు · జనవరి 14, ఉదయం 6:05

పోలిక బాగుంది డాక్టరుగారూ, కథలు చెప్పడంలో మీకు మంచి చెయ్యి ఉంది. రుజువు ఏది? కేక విని పక్కింటివాడు చచ్చిపోయాడని ఎవరు చూశారు?

పాత_పేపర్లు · జనవరి 14, మధ్యాహ్నం 3:40

అప్పారావుగారు అడిగినదానికి నాలుగు ముక్కలు. బయోకెమిస్ట్రీ పాఠాలు చెప్పినవాణ్ని కాబట్టి కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఇన్సులిన్ ఇస్తే కొందరికి షుగరు చకచకా దిగుతుంది, కొందరికి దిగదు, ఇవి రెండు వేరు వేరు జబ్బులు అని ఇంగ్లండులో హిమ్స్‌వర్త్ 1936లోనే రాశాడు. అప్పటికి రక్తంలో ఇన్సులిన్ కొలిచే దారే లేదు. 1960లో యాలో, బెర్సన్ ఆ దారి కనిపెట్టారు, దానికే యాలోకి 1977లో నోబెల్ వచ్చింది. పెద్దవయసు షుగరు రోగుల్లో ఇన్సులిన్ తక్కువుంటుందనుకుంటే ఎక్కువే కనిపించింది.

తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో జెరాల్డ్ రీవెన్. 1988లో బాంటింగ్ ఉపన్యాసంలో (అమెరికా డయాబెటిస్ సంఘం ఇప్పించే పెద్ద ఉపన్యాసం) ఆయన ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోవడం), ఎక్కువ ట్రైగ్లిజరైడ్స్, తక్కువ హెచ్‌డీఎల్, బీపీ అన్నీ ఒకే తాడుకి కట్టి దానికి సిండ్రోమ్ ఎక్స్ అని పేరు పెట్టారు. అందులో లావు అన్నది చేర్చలేదు. సన్నగా ఉన్నవాళ్లలో కూడా ఇది ఉంటుందని ఆయనకి తెలుసు. మన సన్నోడిగారి కథ ముప్పై ఏళ్లు దాటిన పాత కథ.

రుజువు అంటారా, 2001లో ఫాక్కీని, రీవెన్ బృందం ఒక చిన్న పరిశోధన అచ్చువేసింది. ఏ జబ్బూ లేని 208 మంది, ఎవరి బీఎంఐ కూడా 30 దాటలేదు. వాళ్లకి ఫాస్టింగ్ ఇన్సులిన్‌తో సరిపెట్టలేదు. శరీరం సొంత ఇన్సులిన్ తయారీని మందుతో ఆపి, బయటినుంచి అందరికీ ఒకే మోతాదులో ఇన్సులిన్, గ్లూకోజు మూడు గంటలు ఎక్కించి, చివరి అరగంటలో షుగరు ఎక్కడ నిలబడిందో కొలిచారు. ఒకే ఇన్సులిన్‌కి ఎక్కువ షుగరు మిగిలితే ఆ మనిషి కండరం అంత మొండిదన్నమాట. ఆ అంకెని బట్టి మూడు గుంపులు చేసి, సగటున ఆరేళ్లు గమనించారు. బీపీ, గుండెజబ్బు, పక్షవాతం, షుగరు, క్యాన్సర్ కలిపి మొత్తం 40 ఘటనలు జరిగాయి. 28 అందరికంటే మొండి గుంపులో. 12 మధ్య గుంపులో. ఇన్సులిన్ మాట బాగా వినే గుంపులో సున్నా.

ఆ సున్నా చదివినరోజు క్లాసు ఆపేసి పిల్లలకి చెప్పాను.

అనుమానం_అప్పారావు · జనవరి 14, సాయంత్రం 5:55

208 మంది. మా అపార్టుమెంటులోనే అంతకంటే ఎక్కువ ఉంటారు. పైగా బీపీ, క్యాన్సర్, గుండె ఒకే సంచిలో వేసి లెక్కపెట్టారు. ఇలా అయితే జుట్టు రాలడం కూడా కలపొచ్చు.

పాత_పేపర్లు · జనవరి 14, సాయంత్రం 6:30

ఆ మాట నిజమే, ఒప్పుకుంటున్నా. చిన్న పరిశోధన, ఒక్కొక్క జబ్బుకి విడిగా తేల్చి చెప్పేంత బలం లేదు. అదొక్కటే ఉంటే నేనూ నమ్మను. లండన్ ప్రభుత్వోద్యోగుల వైట్‌హాల్ పరిశోధనలో ఆరువేలకి పైగా మందిని ఏళ్ల తరబడి చూశారు. షుగరు బయటపడటానికి ముందు ఐదేళ్లలో ఇన్సులిన్‌కి స్పందన నిటారుగా పడిపోయిందని 2009లో రాశారు. 2005లో ఇంకో తమాషా జరిగింది. సిండ్రోమ్ ఎక్స్‌నే తర్వాత మెటబాలిక్ సిండ్రోమ్ అన్నారు. అమెరికా, యూరప్ డయాబెటిస్ సంఘాలు రెండూ కలిసి "మెటబాలిక్ సిండ్రోమ్ అనే ముద్ర వేయడం వల్ల రోగికి ఒరిగేదేమిటి?" అని ప్రశ్నించాయి. రీవెన్ కూడా అదే ఏడాది ఆ ముద్రకి ఆత్మశాంతి కోరుతూ వ్యాసం రాశారు. నడుము, ట్రైగ్లిజరైడ్స్, హెచ్‌డీఎల్, బీపీ, షుగరు, ఈ ఐదింట్లో మూడుంటే జబ్బు, రెండుంటే కాదు అనే లెక్క ఆయనకి నచ్చలేదు. మీ గొంతులో ఆయన గొంతు కూడా కొంచెం ఉంది అప్పారావుగారూ.

అనుమానం_అప్పారావు · జనవరి 14, సాయంత్రం 6:41

ఇది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు. ఉంచుకుంటాను.

ఓపీ_గది_6 · జనవరి 14, రాత్రి 10:45

ఆ లెక్కకి సన్నోడిగారే ఉదాహరణ. ట్రైగ్లిజరైడ్స్ 150 పైన ఉన్నాయి, హెచ్‌డీఎల్ 40 కింద ఉంది. షుగరు 100 లోపు, బీపీ 130/85 లోపు. ప్యాంటు సైజు నమ్మితే ఐదింట్లో రెండే. టేపు నమ్మితే మూడు. నిన్న ఉదయం లేని సిండ్రోమ్ మధ్యాహ్నానికి వచ్చేసింది! రక్తనాళాలకి ఈ కూడికలు తెలియవు.

నాటుకోడి_న్యూజెర్సీ · జనవరి 15, ఉదయం 8:20

ఇక్కడ నా డాక్టర్ తెల్లావిడ. నా బీఎంఐ 24 చూసి "యూ ఆర్ పర్ఫెక్ట్" అంది. ఆసియావాళ్లకి 23 నుంచే షుగర్ పరీక్ష చేయాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది కదా అంటే, కంప్యూటర్‌లో వెతుక్కుని, సారీ చెప్పి రాసిచ్చింది.

పుణెలో డాక్టర్ యాజ్ఞిక్‌గారి ఫొటో చూశారా? 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆయనా, లండన్‌లో ఆయన స్నేహితుడు యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం ఇంగ్లీషాయనకి 9.1 శాతం, మనాయనకి 21.2 శాతం. సన్నోడూ, రిపోర్టుతో పాటు ఆ ఫొటో కూడా ఫైల్లో పెట్టుకో.

పల్లె_టీచరమ్మ · జనవరి 15, మధ్యాహ్నం 2:15

నేను అంగన్‌వాడీ టీచర్ని. మీరందరూ పెద్ద పెద్ద దేశాల ముచ్చట్లు చెప్తున్నరు, మన దగ్గరి ముచ్చట ఒకటి నేను చెప్త. ట్రైనింగుల మా మేడమ్ చెప్పింది, అప్పటి సంది మర్చిపోలే.

1987 నుంచి 1990 దాంక హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లల్ల ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు ఒక పని చేసిన్రు. 15 ఊళ్లల్ల కడుపుతోని ఉన్నోళ్లకు, ఆరేండ్ల లోపు పిల్లలకు రోజూ అదనంగా తిండి పెట్టిన్రు. మక్క, సోయా పిండితోని ఉప్మా. కడమ 14 ఊళ్లకు అప్పటికింక ఆ స్కీము రాలే. పిల్లలు పెద్దగైనంక, 13 నుంచి 18 ఏండ్ల వయసుల, మళ్ల పోయి రక్తం చూసిన్రు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలకు ఇన్సులిన్ రెసిస్టెన్స్ లెక్క 20 శాతం తక్కువున్నది, రక్తనాళాల గట్టిదనం గూడ తక్కువే. ఒక సెంటీమీటరున్నర ఎత్తు గూడ ఎక్కువ పెరిగిన్రు. 2008ల బ్రిటిష్ మెడికల్ జర్నల్‌ల అచ్చయింది.

తల్లి కడుపుల ఉన్నప్పుడు ఆకలైన పిల్లకు పెద్దగైనంక షుగరొస్తదంటే మా ఊళ్లె ఎవ్వలు నమ్మరు. తింటెనే షుగరు అనుకుంటరు.

ఓపీ_గది_6 · జనవరి 15, రాత్రి 11:05

టీచరమ్మా, ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్టు మీదే.

మల్లెతీగ · జనవరి 16, ఉదయం 11:00

నాకొక సందేహం. మా అమ్మాయికి 19. మెడ వెనక నల్లగా ఉంటే రెండేళ్లు సున్నిపిండి పెట్టి రుద్దాను, మురికి అని తిట్టాను కూడా. ఈ మధ్య నెలసరి సరిగ్గా రావట్లేదని చూపిస్తే పీసీఓడీ (అండాశయాల సమస్య) అన్నారు. డాక్టరుగారు పైన రాసిన పక్కిళ్ల కథ చదివాక కడుపులో దేవినట్టయింది. రెండూ ఒకటేనా?

ఓపీ_గది_6 · జనవరి 16, మధ్యాహ్నం 1:40

చాలావరకు ఒకే కేకకి రెండు ఇళ్లు పలికాయనుకోండి. రుద్దితే పోదమ్మా, రుద్దడం ఆపేయండి, మంట తప్ప ఏం లేదు. పాపకి షుగరు, లిపిడ్స్, బీపీ ఒకసారి చూపించండి. 19లో తెలియడం అదృష్టమే. తిట్టినందుకు సారీ చెప్పేయండి, అది మందుల షాపులో దొరకదు.

సన్నోడు · జనవరి 24, రాత్రి 9:30

ల్యాబ్‌మామ చెప్పినట్టే మళ్లీ చేయించాను. ట్రైగ్లిజరైడ్స్ 231, హెచ్‌డీఎల్ 34, పరగడుపు షుగర్ 97, ఇన్సులిన్ 16. పక్కన నార్మల్ అని ఉంది! 25 లోపు నార్మలంట. అప్పారావుగారే గెలిచినట్టా?

ల్యాబ్‌మామ · జనవరి 24, రాత్రి 9:52

కాగితం మీద నార్మల్ అంటే ఊళ్లో చాలామందికి అంతే ఉందని అర్థం, అంతకుమించి కాదు. ఊళ్లో సగంమంది పొట్టలు చూశావుగా.

97ని 16తో గుణించి 405తో భాగించు. 3.8 వస్తుంది. దాన్ని హోమా అంటారు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎంతుందో అంచనా వేయడానికి 1985లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు ఇచ్చిన లెక్క. రెండు దాటితే ఒకరు, రెండున్నర దాటితే ఒకరు గంట కొడతారు. 3.8 అంటే ఎవరి లెక్కలోనైనా ఎక్కువే. అసలు ఇన్సులిన్ చేయించకపోయినా తెలిసేది. ట్రైగ్లిజరైడ్స్‌ని హెచ్‌డీఎల్‌తో భాగిస్తే దాదాపు ఏడు. మూడున్నర దాటితే అనుమానించాలని రీవెన్ బృందమే చెప్పింది. అప్పారావుగారు సగం గెలిచారు. డబ్బు దండగ, అనుమానం దండగ కాదు.

సన్నోడు · జనవరి 24, రాత్రి 10:15

మరి మెట్‌ఫార్మిన్ (షుగర్ మందు) వేసుకోవచ్చా? ఆఫీసులో ఒకతను వేసుకుంటున్నాడు.

ఓపీ_గది_6 · జనవరి 25, రాత్రి 10:30

ఆఫీసులో ఆయన్ని ఇక డాక్టరుగా నియమించుకోండి!

చెన్నైలో డాక్టర్ రామచంద్రన్‌గారి బృందం 2006లో తేల్చింది ఇది. భోజనం తర్వాత షుగరు కాస్త ఎక్కువున్నవాళ్లలో, నడక, తిండి మార్పుతో షుగరుజబ్బు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 26.4. రెండూ కలిపినా 28.2, అంటే కలిపినందుకు అదనంగా ఏమీ రాలేదు. మీకు ఆ స్థాయి షుగరు కూడా లేదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్‌ని సూటిగా తగ్గించే మందు పయోగ్లిటజోన్. పక్షవాతం వచ్చిన, షుగరు లేని, హోమా 3 దాటినవాళ్లకి ఇస్తే మళ్లీ పక్షవాతం గానీ గుండెపోటు గానీ 11.8 శాతం నుంచి 9 శాతానికి తగ్గాయని 2016లో వచ్చింది. అప్పారావుగారికి కావలసిన రుజువు ఇక్కడ కొంత ఉంది. కానీ బరువు పెరిగారు, ఎముకలు ఎక్కువ విరిగాయి. మీలాంటివాళ్లకి అది నేను రాయను.

మీకు నేను చెప్పేది మొదట నిద్ర. 1999లో షికాగోలో ఆరోగ్యంగా ఉన్న 11 మంది కుర్రాళ్లని ఆరు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిస్తే, వాళ్ల షుగరు తట్టుకునే శక్తి ముసలివాళ్ల స్థాయికి పడిపోయింది. మీరు ఎన్నేళ్లుగా రెండింటికి పడుకుంటున్నారు? రెండోది కండరం. పలకని కొడుకు అక్కడే ఉన్నాడు. ఇన్సులిన్ పిలుపు లేకపోయినా, పని చేసే కండరం గ్లూకోజుని తనంతట తనే లాక్కుంటుంది. నడక మంచిదే, దానితోపాటు వారానికి రెండు మూడుసార్లు బరువులు ఎత్తండి, గుంజీళ్లు తీయండి. బడిలో శిక్షగా తీయించారే, అవే.

రాగిసంకటి · జనవరి 25, రాత్రి 11:10

అన్నం మానేసి మా కడప రాగిసంకటి తినమనండి, అన్నీ సర్దుకుంటాయి.

ల్యాబ్‌మామ · జనవరి 26, ఉదయం 6:40

మా బావమరిది అన్నం మానేసి రాత్రికి ఆరు జొన్నరొట్టెలు తింటాడు. ట్రైగ్లిజరైడ్స్ 300. ధాన్యం మారింది, కుప్ప మారలేదు.

సన్నోడు · ఆగస్టు 30, రాత్రి 9:15

ఈ థ్రెడ్ ఎవరైనా ఇంకా చూస్తున్నారా?

ఏడు నెలలైంది. టీమ్ మారాను, ఇప్పుడు పదకొండుకి పడుకుంటున్నా. అన్నం మానలేదు. ఇదివరకు మూడుసార్లు పెట్టించుకునేవాణ్ని, ఇప్పుడు ఒకసారి, పప్పూ గుడ్డూ ముందు తిని. బియ్యపు మూట ఎత్తడం దగ్గర మొదలుపెట్టి జిమ్‌లో చేరాను. ఏప్రిల్‌లో నెలన్నర మొత్తం ఆపేశాను, ఎండలు, అత్తగారింట్లో పెళ్లి, మామిడిపళ్లు. అది కూడా రాయడం న్యాయం.

బరువు 62. అదే ల్యాబులో ట్రైగ్లిజరైడ్స్ 161, హెచ్‌డీఎల్ 37, షుగర్ 94, ఇన్సులిన్ 11. అపోబీ ఎక్కువే వచ్చింది, లైపోప్రోటీన్ (ఎ) కూడా ఎక్కువ. నాన్న సంగతి చూసి కార్డియాలజిస్టు స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) మొదలుపెట్టారు. నడుము 35, డాక్టరుగారు చెప్పిన చోట.

అనుమానం_అప్పారావు · ఆగస్టు 31, ఉదయం 6:10

మంచిది బాబూ. నేను ఎవరికీ చెప్పకుండా ఫిబ్రవరిలో టేపు పెట్టుకున్నా. అంకె ఇక్కడ రాయను.

సన్నోడు · ఆగస్టు 31, ఉదయం 9:05

😀 కొలతబద్ద మాస్టారూ, పాత ప్యాంట్లు జారిపోతున్నాయి. నాలుగు ఉన్నాయి. నడుము పట్టించేయమంటారా?

కొలతబద్ద · ఆగస్టు 31, ఉదయం 10:40

ఇప్పుడే వద్దండీ, వచ్చే ఉగాది దాకా బెల్టు పెట్టుకోండి. నడుము పట్టించుకున్నవాళ్లలో సగంమంది ఏడాది తిరక్కుండానే విప్పించుకోడానికి వస్తారు. అప్పుడు తెస్తే కుడతా. కుట్టినా, లోపల గుడ్డ కత్తిరించను.